మంగళం పాడకూడని ఆట

పడమటి కొండలకు నిప్పంటుకున్నట్టుంది. ఆ ఎర్రటి వెలుగు వేగినీ నదిలో పడి, అలకొక పగడం చొప్పున ఒడ్డుకు కొట్టుకొస్తోంది. ఇవతలి గట్టున చంద్రకోన సైన్యపు గుడారాలు ఎనిమిది వరుసలు. నీలిపట్టువి దళపతులవి, నారగుడ్డవి భటులవి. ఏనుగుల మెడల్లో గంటలు, వంటశాలల మీద పొగ, ఆరబెట్టిన కవచాల మీద చివరి ఎండ. తెలియనివాళ్ళు చూస్తే ఏదో తిరునాళ్ళనుకుంటారు. కాని ఆ వేళకు శిబిరంలో ఒక్క మాట వినపడదు. పదకొండు నెలలుగా ఇదే తీరు. సూర్యుడు కొండ మీద గడ్డం ఆనించగానే భటులంతా మాటలాపి ఆటగాళ్ళ గుడారం వైపు చూస్తారు. ఇవతల మద్దెల ముందు మోగుతుందా, అవతల శంఖం ముందు మోగుతుందా అని వాళ్ళ భయం.

ఆ శంఖం మాంత్రికుడు ధూమకంఠునిది. శత్రువైన కాలకేతన రాజు పక్షాన నిలిచిన ఆ ముసలివాడు కత్తి పట్టడు, విల్లు ఎక్కుపెట్టడు. సందెవేళ నదిలోంచి పొగమంచు లేవగానే శంఖం పూరిస్తాడు. విన్న ప్రతివాడికీ తాను ఎవరిని ఎక్కువగా తలుచుకుంటున్నాడో ఆ మనిషి గొంతు వినిపిస్తుంది. ఒకడికి తల్లి. ఒకడికి చెల్లెలు. ఒకడికి తాను ఇంకా ముఖమైనా చూడని బిడ్డ ఏడుపు. "ఇటు రా" అని పిలుస్తుందా గొంతు. "వస్తున్నా" అని పలికాడా, ఇక పదిమంది పట్టుకున్నా ఆగడు. రొమ్ములోతు నీళ్ళు దాటి అవతలికి పోయి, పేరూ ఊరూ మరిచి మాంత్రికుడి కావలివాడై నిలబడతాడు. అలా పోయినవాళ్ళు ఇప్పటికి యాభై ముగ్గురు.

ఆ శంఖానికి విరుగుడు శిబిరంలో ఒక్కటే: కోనప్ప భాగవతుల వీధినాటకం. మద్దెల మోత, తాళాల గలగల, భటుల నవ్వులు, ఈలలు, ఇవన్నీ కలిసి రేగినంతసేపు శంఖం వినపడదు. పొగమంచు విడిపోయేదాకా ఆట సాగాలి. అంతవరకే సాగాలి, ముగియకూడదు. సైన్యం మధ్య ఆడే ఆటకు మంగళం పాడకూడదని చంద్రకోన ఆటగాళ్ళ కట్టుబాటు. మంగళం విన్నవాడు లేచి దుమ్ము దులుపుకొని తన దారిన తాను పోతాడు. యుద్ధంలో ఉన్నవాడికి ఏ దారి ఉంది గనుక? అందుకని రోజూ కథ మంచి పట్టులో ఉన్నప్పుడు మద్దెల వాయించే హాస్యగాడు సితికంఠు తెర ముందుకు గెంతి, "మిగిలింది రేపు!" అనేవాడు.

"రేపు మేముండొద్దూ?" అని ఎవడో ఒకడు కేకేసేవాడు.

"ఉండక ఎక్కడికి పోతావు నాయనా? కథ సగంలో వదిలేసి పోతే యముడు ఊరుకుంటాడా? 'ఆ తర్వాత ఏమైందిరా' అని ఆయనే నిన్ను వెనక్కి తోలుతాడు!"

ఎనిమిది వరుసలూ నవ్వేవి. కొందరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాళ్ళు.

ఆ సాయంత్రం ఆటగాళ్ళ గుడారంలో వేషం కట్టుకుంటున్నది బంగారయ్య. మణిమాలిక రాణి వేషం. సవరం ముడిచి, కాలికి గజ్జె కట్టి, ముఖానికి అర్దళపు పచ్చరంగు పూసుకుంటున్న ఆ బంగారయ్య నిజానికి మగవాడు కాడు. కోనప్ప కోడలు బంగారి. మగవాడిగా వచ్చి, ఆడవేషం కట్టే ఆడది.

ఈ సంగతి కోనప్పకూ సితికంఠుకూ తప్ప మూడోవాడికి తెలియదు. తెలిస్తే ప్రాణం దక్కదు. మాంత్రికుడి పిలుపు ఆడగొంతులతోనే ఎక్కువగా వస్తుంది కాబట్టి, "శిబిరంలో ఎక్కడ ఆడగొంతు వినిపించినా ముందు బాణం వేయండి, తర్వాత వెతకండి" అని దళపతి రణమల్లు శాసనం. బంగారిది పుట్టుకతోనే జీరగొంతు. ఆ జీర ఆమెను ఇన్నాళ్ళూ కాపాడింది.

ఆ సవరం, ఆ గజ్జెలు ఆమె భర్త ఎర్రనవి. మణిమాలిక వేషానికి ఎర్రనను మించినవాడు ఏడు రాజ్యాల్లో లేడు. ఆటగాళ్ళు యుద్ధభూమికి బయలుదేరిన ఉదయం బంగారి అలిగింది. పెళ్ళయిన పదహారో రోజున ప్రయాణమేమిటని పెరట్లో వడ్లు దంచుతూ కూర్చుంది. ఎర్రన గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి ఇటు రావే, పోయొస్తాను" అన్నాడు. ఆమె రోకలి ఆపలేదు. అతడు కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నాలుగు నెలల తర్వాత ఒక సందెవేళ, ఆట మొదలవకముందే శంఖం మోగింది. "వస్తున్నా బంగారీ!" అంటూ ఎర్రన నదిలో దిగిపోయాడు. గుమ్మం దాకా రాని మనిషి నది అవతలి నుంచి పిలిస్తే ఎలా ఆగుతాడు?

కోనప్ప ఇంటికి పోయి ఆ మాట చెప్పినప్పుడు బంగారి ఏడవలేదు. పెట్టెలోంచి మామగారి పాత పంచె తీసి కట్టుకుంది.

* * *

"ఏమోయ్ బంగారయ్యా!" గుడారపు గుడ్డ తొలగించి దళపతి రణమల్లు లోపలికి తొంగిచూశాడు. తాటిమాను లాంటి మనిషి, చెంప మీద కత్తిగాటు. "ఇవాళైనా ఆ నడక సరిగా నడువు. నీదింకా మగనడకే. ఎర్రన నడిస్తే ఆడది కూడా సిగ్గుపడాలి!"

"చిత్తం దొరా. నేర్చుకుంటున్నాను" అంది బంగారి, గొంతు మరికాస్త తగ్గించి.

సితికంఠు నవ్వు ఆపుకోలేక మొహం మద్దెల వెనక దాచుకున్నాడు.

"కోనప్పా, మీవాడు చెప్పిన పన్నాగం మళ్ళీ ఒకసారి చెప్పు" అన్నాడు రణమల్లు. "ఎనిమిది వేలమందిని పణం పెడుతున్నాను."

కోనప్ప కోడలి వైపు చూశాడు. కోడల్ని 'ఒరే' అనడానికి ఆ పెద్దమనిషికి ఇప్పటికీ నోరు రాదు. "అబ్బీ, నువ్వే చెప్పు" అన్నాడు.

"దొరా, తొమ్మిది రోజులుగా చూస్తున్నాను. మన మద్దెల మోగగానే అవతలి గట్టున మంచులో మనుషులు వరుసగా వచ్చి నిలబడుతున్నారు. సితికంఠు 'మిగిలింది రేపు' అనగానే వెళ్ళిపోతున్నారు. వాళ్ళు మనవాళ్ళే. ఇల్లు మరిచారు, పేరు మరిచారు. కాని కథ సగంలో ఉందన్న సంగతి మాత్రం మరవలేదు. మాంత్రికుడు తలుచుకునే మనుషులను దొంగిలించగలడు. తర్వాత ఏమైందన్న ఆరాటాన్ని దొంగిలించడం అతనికి చేతకాలేదు."

"అయితే?"

"ఇవాళ ఆట నదిలో ఇసుకదిబ్బ మీద, అటు ముఖం పెట్టి ఆడతాం. మద్దెల మెల్లగా, పాట మెల్లగా. దొరా, మా విద్యలో ఒక కిటుకుంది. ఆటగాడు గొంతు పెంచితే జనం వెనక్కి జరుగుతారు. గొంతు తగ్గిస్తే ముందుకు జరుగుతారు. వాళ్ళు జరుగుతూ జరుగుతూ నది దాటాలి."

"మీరు గొంతు తగ్గిస్తే శంఖం మావాళ్ళకూ వినిపిస్తుందే!"

"అందుకే అందరి తలపాగాలూ విప్పించి ఒకరి నడుముకొకరిని కట్టించండి. ఒకడు లేస్తే ఇద్దరు లాగి కూర్చోబెడతారు."

రణమల్లు తన తలపాగా మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ యాభై ముగ్గురిలో అతని తమ్ముడున్నాడు. "మరి మంగళం?" అన్నాడు.

"అది మాత్రం నోట రాకూడదు దొరా" అన్నాడు కోనప్ప. "ఆట ముగిసిందనుకుంటే ఎవరి దారిన వాళ్ళు పోతారు. దారి మరిచినవాడు చివరగా పిలిచినవాడి దగ్గరికే పోతాడు. వాళ్ళను చివరగా పిలిచింది మాంత్రికుడు."

* * *

సూర్యుడు సగం మునిగాడు. ఇసుకదిబ్బ మీద నాలుగు కాగడాలు నాటారు. ఇద్దరు భటులు పసుపు అంచు ఎర్రతెర పట్టుకు నిలబడ్డారు. గట్టు పొడుగునా ఎనిమిది వేలమంది, నడుములకు తలపాగాలతో, పూలదండలో పువ్వుల్లా ఒకరికొకరు కట్టుబడి కూర్చున్నారు. నది మీద తెల్లటి మంచు లేచి, పాలపొంగులా రెండు గట్లకూ వ్యాపించింది.

మద్దెల మోగింది, దూరపు ఉరుమంత మెల్లగా.

తెర తొలగింది. మణిమాలిక రాణి కోటగుమ్మంలో దీపం పట్టుకొని నిలబడి ఉంది. ఆమె మగడు ఏడు సముద్రాల అవతలికి పోయాడు. ప్రతి సందెకూ ఆమె వాకిట దీపం పెడుతుంది. కథంతా ఇంతే. కాని అతడు వచ్చేవేళకు ప్రతిసారీ ఏదో అడ్డు: ఒకసారి తుఫాను, ఒకసారి రాక్షసుడు, ఒకసారి శాపం. ఆఖరి ఘట్టంలో తెర వెనక నుంచి మగడి గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు వినపడ్డ మరుక్షణం కోనప్ప మంగళం ఎత్తుకుంటాడు. నలభై ఏళ్ళుగా ఆ ఆటకు అదే పద్ధతి. ఇవాళ ఆ ఘట్టం దాకా పోకూడదు.

వత్తి యెగదోసితిని, వాకిట నిలిచితిని,
వచ్చునో నా సామి, రాడో...

మంచులో నల్లటి నీడలు కదిలాయి. మొదట ఇద్దరు, తర్వాత ఆరుగురు. బంగారి గొంతు మరికాస్త తగ్గించింది. నీడలు నీళ్ళలో అడుగుపెట్టాయి.

అప్పుడే శంఖం మోగింది.

గట్టున ఎనిమిది వేల శరీరాలు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి. "అమ్మా!" అంటూ ఒకడు లేచాడు. అటొకడు ఇటొకడు లాగి కూర్చోబెట్టారు. ఇంకొకడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. తలపాగాల గొలుసు అలలా లేచి పడుతోంది, లేచి పడుతోంది. దళపతి రణమల్లు తన నోట్లో తన పిడికిలి కుక్కుకున్నాడు.

బంగారికి వినిపించింది గుమ్మంలోంచి ఎర్రన గొంతు: "ఒక్కసారి ఇటు రావే, పోయొస్తాను." ఆమె పలకలేదు. పాటలోని రెండో చరణం ఎత్తుకుంది.

మొదటి మనిషి ఇసుకదిబ్బ ఎక్కాడు. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. రాణి ముందు చతికిలబడి, "తుఫానులో పడవ ఏమైంది?" అని అడిగాడు. మూడు నెలల కిందట తాను చూసిన రోజున ఆట ఆగింది అక్కడే!

"చెప్తాను రా అన్నా, ఇటు కూర్చో" అన్నాడు సితికంఠు. మెల్లగా అతని చెయ్యి పట్టుకొని గట్టుకు దాటించాడు. గట్టున అతని ఊరివాడొకడు పేరుపెట్టి పిలిచాడు. ఆ మనిషి కళ్ళలో బూడిద కరిగి నీళ్ళయింది.

తర్వాత ఇద్దరు. తర్వాత పన్నెండు మంది. రణమల్లు తమ్ముడు పెద్ద గుంపులో తడుస్తూ వచ్చి, "రాక్షసుడు చచ్చాడా?" అన్నాడు. "చచ్చాళ్ళేరా, చచ్చాడు" అంటూ దళపతి అతణ్ణి కౌగిలించుకున్నాడు.

బంగారి కథను సాగదీస్తూనే ఉంది. రాణి మగడు రేవులో దిగబోతాడు, ఆమె కొత్త తుఫాను కల్పిస్తుంది. కోట తలుపు తట్టబోతాడు, కొత్త శాపం పెడుతుంది. తన మనసంతా కలుసుకోవడం మీదే ఉంది. నోరు మాత్రం ఎడబాటును అల్లుతూ పోతోంది. దాటి వచ్చిన ప్రతి ముఖాన్నీ కాగడా వెలుగులో వెతుకుతోంది. నలభై. నలభై ఎనిమిది. యాభై. ఎర్రన లేడు.

మిగిలినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు నడిమి నీళ్ళలో ఉన్నారు. మూడో నీడ అవతలి గట్టున కదలకుండా నిలబడి ఉంది.

కదలడెందుకు? బంగారికి తట్టింది. ఈ కథలో తర్వాత ఏమవుతుందో అందరికీ ఆరాటం. అతనికి ఆరాటమేముంది? ప్రతి మాటా అతనికి కంఠస్థమే. కథతో అతణ్ణి పిలవలేదు. మరి దేనితో?

పెళ్ళయిన కొత్తలో వంటింట్లో ఆ పాట కూనిరాగం తీస్తుంటే ఎర్రన వచ్చి కసురుకునేవాడు. "రాడో అన్నచోట గొంతు ఎత్తుతావేమే? దించు! ఎత్తితే పొరుగావిణ్ణి అడిగినట్టుంటుంది. దించితే ఎదురుచూసినట్టుంటుంది." రోజుకు పదిసార్లు అదే తగువు. ఆయన వేషం వేసుకొని ఇన్నాళ్ళూ ఆమె ఆ చోట బుద్ధిగా దించుతూనే వచ్చింది.

బంగారి దీపం పైకెత్తి, అవతలి గట్టు వైపు తిరిగి పాడింది:

వచ్చునో నా సామి, రాడో...

రాడో అన్నచోట గొంతు ఆకాశానికి ఎత్తింది. తాళం కూడా తప్పింది. మద్దెల వాయిస్తున్న సితికంఠు తెల్లబోయాడు. గట్టున భటులు "అయ్యో, చెడగొట్టాడే" అనుకున్నారు.

మంచు తెర వెనక నుంచి, నీళ్ళ మీదుగా, కోపంగా ఒక గొంతు:

"దించు!"

ఒక్క మాట. ఎనిమిది వేలమందీ విన్నారు. మూడో నీడ నీళ్ళలోకి దూకి విసవిసా నడిచి వస్తోంది, చెయ్యి ఆడిస్తూ, తాళం వేస్తూ. "దించు, అక్కడ దించు!"

కోనప్ప విన్నాడు. ఏడు నెలల తర్వాత కొడుకు గొంతు. తెర వెనక నుంచి వచ్చిన మగడి గొంతు. నలభై ఏళ్ళ అలవాటు ముసలివాడి గుండెలోంచి నాలుక మీదికి ఉరికింది. చేతుల్లో తాళాలు వాటంతట అవే మోగాయి. కళ్ళ నీళ్ళతో నోరారా ఎత్తుకున్నాడు:

"మంగళం..."

సితికంఠు మద్దెల వదిలి ఒక్క గంతులో వచ్చి అతని నోరు మూశాడు. అప్పటికే ఆ ఒక్క మాట నది మీదికి పోయింది. గట్టున భటులు అలవాటుగా లేవబోయి ఒకరినొకరు లాక్కున్నారు. ఇందాక నడిమి నీళ్ళలో ఉన్న ఇద్దరూ అప్పటికే దిబ్బకు చేరువయ్యారు గనుక రణమల్లు దూకి జుట్లు పట్టి లాగాడు. కాని ఎర్రన నది మధ్యలో ఉన్నాడు. ఆగాడు. తాళం వేస్తున్న చెయ్యి కిందికి వాలింది. ఆట అయిపోయినవాడిలా నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

బంగారి నీళ్ళలోకి దూకింది. సవరం జారి ప్రవాహంలో పోయింది. కింద చుట్టుకున్న ఆమె సొంత జుట్టు వీపంతా పరుచుకుంది. "ఎర్రనా!" అని అరిచింది. ఆ అరుపులో జీర లేదు, వేషం లేదు.

"ఆడగొంతు!" గట్టున వింటి నారులు బిగిశాయి.

రణమల్లు ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకొని రెండో చెయ్యి పైకెత్తాడు. "ఆగండి!" అతని చూపు నీళ్ళలో తేలుతున్న జుట్టు మీద నిలిచింది. "కోనప్పా, ఎవరది?"

"నా కోడలు దొరా."

"అదా సంగతి." దళపతి ఎత్తిన చెయ్యి దించాడు. "పైగా ఆమెకు ఆడనడక రాదన్నాను. బాణాలు దించండిరా!"

మంచు ఇద్దరినీ మింగేసింది. ఇక వినడమే తప్ప చూడ్డానికేమీ లేదు. దూరంగా బంగారి పాట, రాడో అన్నచోట ఎత్తి. కాస్త అవతలగా ఎర్రన గొంతు: "దించు." మళ్ళీ పాట, ఇంకా దూరంగా. మళ్ళీ "దించు," ఇంకా దూరంగా. ఆమె అతని వెనకే పోతోంది. అతడు వెనక్కి తిరిగి చూడకుండానే తప్పు దిద్దుతూ మాంత్రికుడి గట్టుకు పోతున్నాడు.

నాలుగోసారి పాట వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

శంఖం మోగింది.

"నాన్నా!" అంది నది. కోనప్ప పలకబోయి, తెర కొంగు నోట్లో కుక్కుకున్నాడు. సితికంఠు వైపు ప్రశ్నగా చూశాడు.

"నాకు మా అమ్మ పిలిచినట్టుంది అన్నా" అన్నాడు సితికంఠు ఏడుపు గొంతుతో. "అది శంఖమే. పలక్కు."

కాసేపటికి మంచులో ఇంకో పిలుపు, తెగిపోతున్నట్టు: "మామయ్యా! పట్టుకున్నాను... కాళ్ళు నిలవడంలేదు..."

సితికంఠు ఉలిక్కిపడ్డాడు. "అన్నా, ఇది నాకూ వినపడింది!"

"నాకూ" అన్నాడు రణమల్లు. "నాకూ", "నాకూ" అంటూ గట్టు పొడుగునా మాట పాకింది. అందరికీ ఒకేలా వినిపించినది మాయ కాదు, మనిషి.

కోనప్ప బదులు పలకలేదు. తన నోటిని ఇక తాను నమ్మడు. ఏ మాట పలకబోయినా మంగళమే వస్తుందని భయం. తెర కొంగు పళ్ళతో అలాగే బిగించి పట్టుకొని, మొలలోతు నీళ్ళలోకి నడిచాడు. ఎర్రటి తెర అతని వెనకే నీళ్ళ మీద విచ్చుకుంటూ పోయింది. రెండు బారలకే అయిపోయింది.

రణమల్లు నడుముకున్న తలపాగా విప్పాడు. తెర చివరకు ముడివేశాడు.

"దొరా, విప్పితే శంఖానికి మీరు..." అన్నాడు పక్కనున్న భటుడు.

"చేతులు పట్టుకోండిరా! ఒకడి చెయ్యి ఒకడు వదలకండి!"

ఒక్కొక్క తలపాగా విడివడింది. తెల్లది, నీలిది, రక్తపు మరకలు ఆరినది. ముడి మీద ముడి పడుతూ, ముసలివాడి వెనక ఆ పొడుగాటి గుడ్డ మంచులోకి పాకుతూ పోయింది. గట్టున ఎనిమిది వేలమంది చేతులు పట్టుకు నిలబడ్డారు.

సితికంఠు కన్నీళ్ళు తుడుచుకొని మద్దెల ముందు కూర్చున్నాడు. రెండు చేతులా బలంగా వాయించాడు.

"నిలబడ్డారేం అందరూ? కూర్చోండి" అని కేకేశాడు. "ఆట ఇంకా అవలేదు."

చేతులు వదలకుండా, అందరూ కూర్చున్నారు.